ఏ గడిలోనూ లేని కారణం

ఆ ఆదివారం టోలిడోలో సరస్సు మీంచి గాలి అడ్డంగా కొడుతోంది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ముగియడానికి ఇంకా నాలుగు నిమిషాలు. టోలిడో జట్టు నాలుగు పాయింట్లు ముందుంది. అవతలి జట్టుకి ముందుకు జరిగే దారి దొరక్క, ఇక బంతిని దూరంగా తన్ని వదిలించుకోక తప్పలేదు. ఆ తన్నిన బంతిని అందుకోవడానికి నలభై అయిదు గజాల వెనక ఒంటరిగా నిలబడ్డాడు థేరన్ మోజ్లీ. అతని ఉద్యోగమే అది. ఆకాశంలోంచి పడే బంతిని పట్టుకోవడం, తనని పడెయ్యడానికి పరిగెత్తుకొచ్చే పదకొండు మందిని తప్పించుకుంటూ ఎంత దూరం వెళ్ళగలిగితే అంత దూరం వెళ్ళడం.

బంతి పైకి లేచింది. గాలి దాన్ని పట్టుకుని వెనక్కి నెట్టేసింది. అది తన దాకా రాదని థేరన్‌కి చూడగానే తెలిసిపోయింది.

అలాంటప్పుడు అందుకునేవాడు చెయ్యాల్సిన పని ఒకటే ఉంది. గొంతు చించుకుని "పాయిజన్!" అని అరవాలి. విషం, ఒంటికి తగలనివ్వకండి అని. తన్నిన జట్టు వాళ్ళు ఆ బంతిని ఊరికే సొంతం చేసుకోలేరు. కానీ అందుకునే జట్టులో ఒక్కడి ఒంటికి తగిలినా చాలు, ఇక అది ఎవరి చేతికి చిక్కితే వాళ్ళది. థేరన్ ముందు కాచుకుంటున్న కుర్రాళ్ళంతా బంతికి వీపు పెట్టి, ఎదుటివాళ్ళని అడ్డుకునే పనిలో ఉంటారు. వాళ్ళకి బంతి కనపడదు. వాళ్ళకున్న కళ్ళు అతని గొంతే.

థేరన్ అరవలేదు.

ఎడమ పక్కన దారి తెరుచుకుని ఉండడం అతని కంటపడింది. బంతి ఒక్క గెంతు తన వైపు గెంతితే చాలు, ఆ దారిన పడి పోవచ్చు. ఒక అడుగు ముందుకి వేశాడు, ఇంకో అడుగు వేశాడు. బంతి గడ్డి మీద పడి, కోలగా ఉండే ఆ బంతులకున్న పాడు బుద్ధితో పక్కకి తిరిగి, సియోనే ఫిఫిటా కుడి పిక్కకి తగిలింది. సియోనే తల తిప్పేలోపే అవతలివాళ్ళు ముగ్గురు దాని మీద పడ్డారు. రెండు నిమిషాల్లో పాయింట్లు కొట్టేశారు. టోలిడో మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయింది.

అరవై వేల మంది సియోనే చొక్కా మీది నంబరునే పేరుగా పెట్టి తిట్టారు. ఆ నంబరు జట్టులోకి వచ్చి అప్పటికి ఆరు వారాలే అయింది.

థేరన్‌ది నార్త్ కరోలినాలో తూర్పు వైపు చిలగడదుంపలు పండే ఊరు. తల్లి వర్డెల్ టర్కీ కోళ్ళ ఫ్యాక్టరీలో ఎముకలు తీసే వరసలో నిలబడి పని చేస్తుంది. ఇంట్లో డిగ్రీ చదివినవాడు అతనే మొదటివాడు. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషిని పెద్ద కాలేజీలేవీ ఆటకి తీసుకోలేదు. ఒక చిన్న కాలేజీ మార్కులు చూసి సీటిచ్చింది. ఆట కోసం వెళ్ళి అడిగితే అక్కడి కోచ్ ఎగాదిగా చూసి, "పోయి బంతి పడేచోట నిలబడు. అక్కడ నిలబడడానికి బుద్ధున్నవాడెవడూ ఒప్పుకోడు" అన్నాడు. థేరన్ పోయి నిలబడ్డాడు. అక్కడ అతనికి నచ్చింది. పైన బంతి, ఎదురుగా మనుషులు, మధ్యలో ఎవరినీ అడగక్కర్లేని ఒక నిర్ణయం.

చదివింది నేలల శాస్త్రం. శుక్రవారాలు ల్యాబులో ఆరబెట్టిన మట్టి తూకం వేసి, ఆ మట్టి గోళ్ళలో ఉండగానే శనివారం ఆటకి వెళ్ళేవాడు. నాలుగో ఏడు చదువూ ఆటా రెండింట్లోనూ మేటి అని ఒక ఫలకం ఇచ్చారు. వర్డెల్ దాన్ని వంటింట్లో పొయ్యి పైన తగిలించింది. వారానికోసారి దాని మీది నూనె జిడ్డు తుడుస్తుంది.

ఆ ఫలకమే అతని ప్రాణానికి తగులుకుంది.

మొదటి జట్టు ఆగస్టులో పంపించేసినప్పుడు అక్కడి కోచ్ భుజం తట్టి, "నీకేంరా, చదువుకున్నవాడివి. ఎక్కడైనా బతుకుతావ్" అన్నాడు. థేరన్ అది ఓదార్పు అనుకున్నాడు. రెండో జట్టులోనూ అదే మాట. మర్యాదకి అంటున్నారనుకున్నాడు. మూడోసారి విన్నప్పుడు అర్థమయింది. ఇద్దరిలో ఒకణ్ణి పంపాల్సి వస్తే, మనసు పీకకుండా పంపగలిగేది తననే. రెండోవాడికి ఇంకో దారి లేదు కదా! అలా ఆరేళ్ళలో ఐదు జట్లు పంపించేశాయి. ఐదుగురూ అదే మాట అన్నారు. టోలిడోలో మాత్రం మూడో ఏడు నడుస్తోంది. ఈ ఏడు తన్నిన బంతిని వెనక్కి తెచ్చిన గజాల్లో దేశం మొత్తం మీద అతనిది రెండో స్థానం. మొట్టమొదటిసారి ఒక ఊళ్ళో మంచం కొనుక్కున్నాడు.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి వీడియో గదిలో అందరూ కూర్చున్నారు. ముప్పై ఎనిమిదేళ్ళ గస్ ప్రేబిల్, కాళ్ళ మధ్యనుంచి బంతి వెనక్కి విసరడమే ఉద్యోగంగా బతుకుతున్నవాడు, థేరన్ కుర్చీని కాలితో తన్నాడు.

"ఏరా ప్రొఫెసరూ, నిన్న ఆ బంతికి ఉత్తరం రాశావా, వచ్చి కలవమని?"

"నీ పొట్ట అడ్డమొచ్చి అందలేదట" అన్నాడు థేరన్. నవ్వులు వచ్చాయి గానీ బలంగా రాలేదు. సియోనే ముందు వరసలో, గుడికి వచ్చినవాడిలా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. వాడికి ఇరవై మూడేళ్ళు. యూటా నుంచి వచ్చిన టోంగా దీవుల వాళ్ళ పిల్లాడు. పెద్దవాళ్ళందరినీ అన్నా అనే పిలుస్తాడు.

కోచ్ డ్రమ్మండ్ దీపాలు ఆర్పించాడు. ఈ వీడియోకి శబ్దం ఉండదు. ఎత్తు నుంచి ఒకటి, చివర నుంచి ఒకటి, రెండు కెమెరాలు. తెర మీద బంతి పడింది, గెంతింది, పిక్కకి తగిలింది. డ్రమ్మండ్ వెనక్కి తిప్పి మళ్ళీ చూపించాడు. మూడోసారి ఆపి, ఎర్ర చుక్కని సియోనే కాలి మీద నిలిపాడు.

"ఇక్కడ ప్రొఫెసర్ అరిచాడు. నువ్వు జరగలేదు. చెవులు ఇంట్లో పెట్టొచ్చావా?"

"వినలేదు కోచ్" అన్నాడు సియోనే. "తప్పు నాదే."

కొత్తగా వచ్చినవాళ్ళు ఆ గదిలో అనే మాట అదే. తప్పు ఎవరిదైనా వాళ్ళు అలాగే అంటారు. గది అంతా ఊపిరి పీల్చుకుంది. ఇంక తర్వాతి బంతి చూడొచ్చు.

"అరిచావుగా?" అన్నాడు డ్రమ్మండ్, థేరన్ వైపు చూడకుండానే. అది అడగడం కాదు. బండి ముందుకు పోనివ్వడానికి వేసిన కేక.

తెర మీద థేరన్ ముఖం హెల్మెట్ కమ్మీల వెనక ఉంది. నోరు కనపడదు. తెరిచి ఉందో మూసి ఉందో ఏ కెమెరాకీ తెలీదు. ఆ సంగతి ప్రపంచంలో తెలిసినవాడు ఒక్కడే. ఇప్పుడు తలూపితే చాలు, మాటైనా అక్కర్లేదు.

"అరవలేదు కోచ్" అన్నాడు థేరన్.

"జనం గోల. వినపడలేదంతే. నువ్వు అరిచావ్."

"లేదు కోచ్. నోరు తెరవలేదు. బంతి నా వైపు గెంతుతుందేమోనని ఆశపడ్డాను. వాడి తప్పేం లేదు."

వెనక ఎవరో కుర్చీలో కదిలారు. గస్ గట్టిగా, "ఓరి నాయనో" అన్నాడు. డ్రమ్మండ్ వీడియో ఆపేశాడు. తెర నీలంగా అయిపోయింది.

"పదినిమిషాల్లో నా గదికి రా."

నడవాలో సియోనే వెంటపడి వచ్చాడు.

"ఎందుకు చెప్పావన్నా? నేను ఒప్పేసుకున్నాగా!"

"నువ్వెందుకు ఒప్పుకున్నావ్? నిజంగా వినపడిందా?"

"లేదు. కానీ కొత్తవాళ్ళం ఒప్పుకోవాలిగా. గస్ అన్న మొదటిరోజే చెప్పాడు."

"గస్ చాలా చెప్తాడు. కాళ్ళ మధ్యనుంచి లోకాన్ని చూసేవాడు. ఆ అలవాటు మానెయ్. చెయ్యని తప్పు ఇవాళ ఒప్పుకుంటే రేపు దాన్ని నీ పేరు పక్కన రాస్తారు. తర్వాత నువ్వు చెరపలేవు."

"మరి నీకేమవుతుంది?"

"అది నేను చూసుకుంటా."

డ్రమ్మండ్ గదిలో కూర్చోమనలేదు. కోపంగా ఉంటాడనుకుంటే, మనిషి అలిసిపోయి ఉన్నాడు.

"పొద్దున ఏడింటికి పైకెళ్ళి ఆ కుర్రాడే కారణమని చెప్పొచ్చాను. యజమాని కూడా ఉన్నాడక్కడ. ఎవరో ఒకర్ని పంపించి జనానికి చూపించాలంటున్నాడు. వాణ్ణి పంపేద్దామని తేల్చేశారు. నిన్ను కాపాడ్డానికే చెప్పానురా. ఇప్పుడు ఇరవై మంది ముందు నన్ను అబద్ధాలకోరుని చేశావ్."

"మీరు నన్ను అడిగి ఉంటే పొద్దున్నే చెప్పేవాణ్ణి కోచ్."

"ఇంకా టైముంది. సరిగ్గా గుర్తులేదు అను. అరిచానో లేదో తెలీదు అను. అంతే. మిగతాది నేను చూసుకుంటాను."

"గుర్తుంది కోచ్."

డ్రమ్మండ్ బల్ల మీది టోపీ తీసి మళ్ళీ బల్ల మీదే పెట్టాడు.

"అయితే వెళ్ళేది నువ్వే. తెలుసుగా?" గొంతు మెత్తగా చేసుకున్నాడు. "సరేలే. వాడికైతే ఇది తప్ప ఇంకోటి లేదు. నీకేం, చదువుకున్నవాడి..."

"ఆ మాట మాత్రం అనకండి."

డ్రమ్మండ్ తలెత్తాడు. మూడేళ్ళలో ఈ మనిషి గొంతు పెంచగా అతను వినలేదు.

"ఇప్పటికి ఐదుగురు అన్నారు కోచ్. మీరు ఆరో వారు అవ్వద్దు. నేను అరవలేదు, జట్టు ఓడిపోయింది. అందుకు తీసెయ్యండి, నోరెత్తను. చదువుకున్నందుకు మాత్రం తీసెయ్యకండి. ఇక్కడ ఎవడి మోకాలు ఎంత నొప్పెడుతుందో నాదీ అంతే నొప్పెడుతుంది. నాక్కూడా ఇది తప్ప ఇంకోటి అక్కర్లేదు."

"అది నిన్ను ఓదార్చడానికి అనే మాటరా."

"కాదు కోచ్. మిమ్మల్ని మీరు ఓదార్చుకోవడానికి అనే మాట."

డ్రమ్మండ్ తలుపు వైపు చెయ్యి చూపించాడు.

ఆ సాయంత్రం తల్లికి ఫోన్ చేశాడు. ఆమె అప్పుడే పని నుంచి వచ్చి, వేళ్ళ నొప్పికి చేతులు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. ఫోన్ స్పీకర్లో పెట్టమని చెల్లెలికి చెప్పడం వినిపించింది.

"నిజంగానే అరవలేదా బంగారం?"

"లేదమ్మా."

"ఆ మాట అందరి ముందూ చెప్పావా?"

"చెప్పాను."

"అయితే ఆ ఏడుపు గొంతెందుకు? చెప్పకపోతే కదా ఏడవాలి." నీళ్ళు కదిలిన చప్పుడు. "మన కౌంటీ నేలల ఆఫీసులో ఖాళీ ఉందట. పాస్టర్ గారు మొన్న నీ గురించి అడిగారు."

"పాస్టర్ గారికి థాంక్స్ చెప్పు."

"చెప్పను. నేను ముందే కుదరదన్నాను. ఇష్టముంటే వాడే వస్తాడు, ఎవరో తోసేస్తే రాడు అన్నాను. విను థేరన్. నువ్వు కింద పడ్డప్పుడు మెత్తగా ఉంటుందని నిన్ను చదివించలేదు నేను. ఆ చదువుని పరుపు చేసి నిన్ను దాని మీదికి విసరడానికి వాళ్ళెవరు?"

చెల్లెలు పక్కనుంచి, "అన్నయ్యా, అమ్మ ఆ ముక్క మొన్నటి నుంచి బట్టీ పడుతోంది" అంది. వర్డెల్ తడిచేత్తో దాని వీపు మీద ఒకటి వేసింది.

బుధవారం పొద్దున లెస్టర్ క్విల్ బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చాడు. ఉన్ని కోటు వేసుకుని, మెత్తగా మాట్లాడే పెద్దమనిషి. ఆటగాళ్ళు అతన్ని యమదూత అంటారు. పంపించేయదలుచుకున్నవాణ్ణి పైకి తీసుకెళ్ళడమే అతని పని. అతను వస్తే ఎవరూ తలెత్తకూడదన్నది అక్కడి రివాజు. యాభై మంది మగాళ్ళు ఒక్కసారిగా బూట్ల తాళ్ళు కట్టుకోవడం మొదలుపెట్టారు. క్విల్ సియోనేని దాటాడు. థేరన్ ముందు ఆగాడు.

"పైన మేడమ్ గారు ఒకసారి రమ్మంటున్నారు. జట్టు ఇచ్చిన ట్యాబ్ కూడా తెచ్చుకో బాబూ, అప్పగించాలి."

"వస్తున్నా లెస్టర్ గారూ. మీ మనవరాలి జ్వరం తగ్గిందా?"

"తగ్గింది" అన్నాడు క్విల్, ఇబ్బందిగా.

పైన హెండ్రీ మేడమ్ కాగితం సిద్ధంగా పెట్టుకుని ఉంది. జట్టులో ఎవరుండాలి, ఎవరు పోవాలి అన్నది ఆమె చేతిలో పని. కాగితం మీద నాలుగు గడులు. ఆరోగ్యం బాగాలేదు. ఆట మిగతావాళ్ళ కన్నా తక్కువ. నడవడి బాగాలేదు. ఆ స్థానం ఇంకొకరికి కావాలి. రెండో గడిలో టిక్కు పెట్టి ఉంది. కింద అతను సంతకం పెట్టాల్సిన చోట పసుపు చీటీ అంటించారు.

థేరన్ కుర్చీ లాక్కుని చదవడం మొదలుపెట్టాడు. మొదటి పేజీ అయ్యాక రెండోది తిప్పాడు.

"అది ఎవరూ చదవరు థేరన్. మామూలుగా ఉండేదే."

"నేను చదువుకున్నవాణ్ణి కదా మేడమ్. అందరూ అంటారుగా."

ఆమె పెన్ను క్లిక్కుమనిపించింది.

"ఐదుసార్లు చదవకుండా సంతకం పెట్టాను" అన్నాడు. "ఇప్పుడు చూస్తే అప్పుడు కూడా ఈ గడే అయ్యుంటుంది. నా ఆట తక్కువని. గజాల్లో నేను దేశంలో రెండోవాణ్ణి మేడమ్. నా కన్నా ఎక్కువ వాడు ఈ భవనంలో లేడు. ఈ టిక్కు అబద్ధం."

"అయితే ఏ గడి కావాలి? నడవడిదా? అది పెడితే ఇంకో జట్టు నిన్ను దగ్గరికి రానివ్వదు. నీ మంచికే చెప్తున్నా."

"నా మంచి ఇవాళ్టికి పక్కన పెట్టండి. నన్ను ఎందుకు తీసేస్తున్నారో మీకు తెలుసు, నాకు తెలుసు. అది రాయండి."

"దానికి గడి లేదు."

"లేకపోతే ఖాళీ జాగా ఉంది."

అతను కాగితం తన వైపు తిప్పుకున్నాడు. రెండో గడిలోని టిక్కుని కొట్టేశాడు. నాలుగు గడుల కింద, ల్యాబులో మట్టి సంచుల మీద రాసినంత పొందికైన అక్షరాలతో రాశాడు. "ఆదివారం నేను అరవాల్సింది, అరవలేదు. సోమవారం ఊరుకోవాల్సింది, ఊరుకోలేదు." దాని కింద సంతకం పెట్టాడు, పసుపు చీటీ ఉన్న చోట కాదు.

"దీన్ని నేను తీసుకోలేను" అంది హెండ్రీ.

"తీసుకోకండి. కాపీ ఒకటి ఇప్పించండి చాలు."

ఆమె లేచి, తనే కాపీ తీసి ఇచ్చింది.

పంపించేసినవాడు తన సామాను నల్ల చెత్త సంచిలో వేసుకుని, పక్క తలుపులోంచి, వంటగది వెనక సందులో నడిచి కార్ల దగ్గరికి పోవాలి. మిగతావాళ్ళ కంటపడకుండా అలా ఏర్పాటు చేశారు. థేరన్ ఐదు ఊళ్ళలో అలాంటి సందుల్లో నడిచాడు. ప్రతిచోటా అవే ఉల్లిపాయ తొక్కలు, అదే పాత నూనె వాసన. సంచి మూతి ముడేసి భుజాన వేసుకున్నాడు. పక్క తలుపు దాకా వెళ్ళాడు. తలుపు మీద చెయ్యి వేసి, తీసేసి, వెనక్కి తిరిగి పెద్ద తలుపులోంచి మైదానంలోకి దిగాడు.

జట్టంతా అక్కడే ఉంది. తన్నే బంతుల సాధన జరుగుతోంది. ఒక చివర తన్నేవాడు, ఇంకో చివర థేరన్ చోట నిలబెట్టిన కొత్త మనిషి. అతని పేరింకా ఎవరికీ తెలీదు. మధ్యలో అందరూ. థేరన్ నల్ల సంచితో తిన్నగా ఆ మధ్యలోంచే నడుచుకుంటూ వచ్చాడు. ఒక్కొక్కరే ఆగిపోయారు. అతన్ని చూడకుండా ఉందామంటే ఇక్కడ కట్టుకోవడానికి బూట్ల తాళ్ళు మిగల్లేదు.

డ్రమ్మండ్ ఈల వేశాడు.

"మోజ్లీ! అటు కాదు దారి!"

"కారు అవతలుంది కోచ్. ఇదే దగ్గర."

"ఇక్కడ సాధన జరుగుతోంది!"

"కానివ్వండి. నేనేం అడ్డం రాను."

అప్పటికే తన్నేవాడి కాలు లేచింది. ఆపుకోలేకపోయాడు. బంతి గాల్లోకి వెళ్ళింది, ఎత్తుగా, బాగా. కొత్త మనిషి బంతిని చూడాలా సంచి మనిషిని చూడాలా తెలీక నిలబడిపోయాడు. థేరన్ పైకి చూశాడు. సంచిని పక్కనున్న సియోనే చేతుల్లో పెట్టాడు.

"పట్టుకో ఒక్క నిమిషం."

నాలుగంగల్లో బంతి కిందికి చేరాడు. మామూలు చెప్పులు, జీన్సు ప్యాంటు. బంతి రొమ్ముకి తగిలి చేతుల్లో కూర్చుంది. ఎవరైనా వచ్చి మీద పడతారేమోనని ఒక్క క్షణం చూశాడు. ఎవరూ రాలేదు. గస్ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని, "రారా ప్రొఫెసరూ, నన్ను దాటు చూద్దాం!" అని పొట్ట అడ్డం పెట్టాడు. థేరన్ ఎడమకి ఊగి కుడికి తప్పించుకున్నాడు. గస్ కావాలనే, చెట్టు కూలినట్టు గడ్డి మీద పడ్డాడు. ఎవరో కేక వేశారు. ఇంకెవరో చప్పట్లు కొట్టారు. డ్రమ్మండ్ మళ్ళీ ఈల వేశాడు. ఈసారి అది ఎవరికీ పట్టలేదు.

డెబ్భై గజాలు. చెప్పు ఒకటి మధ్యలో ఊడిపోయింది. ఆగలేదు. గీత దాటాక బంతిని విసిరి కొట్టలేదు, గంతులు వెయ్యలేదు. వంగి గడ్డి మీద నిలకడగా పెట్టాడు, మళ్ళీ వచ్చి తీసుకునేవాడిలా.

సియోనే ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో చెప్పు పట్టుకుని రొప్పుతూ వచ్చాడు.

"ఎక్కడికి పోతావన్నా ఇప్పుడు?"

జేబులో ఫోను పొద్దుటి నుంచి మూడుసార్లు మోగింది. అతని ఏజెంటు ఏదో ఊరి పేరు పంపాడు. రేపు మధ్యాహ్నం ఒక జట్టు ఐదుగురిని పిలిచి పరీక్ష పెడుతోందట. ఒక్కణ్ణే తీసుకుంటారట. మిగతా నలుగురూ అతని కన్నా చిన్నవాళ్ళట.

"బంతి తన్నేవాళ్ళు ఉన్నచోటికి" అన్నాడు థేరన్. చెప్పు తొడుక్కుని, సంచి అందుకుని, గేటు వైపు నడిచాడు.